అరిచినోడికి కోట్లు, తెచ్చినోడికి కార్డు

రాత్రి తొమ్మిదైంది. స్టూడియోలో లైట్లు వెలిగాయి. యాంకరు గారి కనుబొమలు లేచాయి. తెర నిండా మంటలు, మంటల మధ్య ఆయన. "ప్రజలు అడుగుతున్నారు, సమాధానం చెప్పండి!" అని టేబుల్ మీద గుద్దాడు.

ఏ ప్రజలు సామీ? ఎప్పుడడిగారు? నంద్యాల జిల్లా కోయిలకుంట్లలో ఉండే ప్రజలం మేము. మా తరఫున మీరు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఏం అడగాలో మమ్మల్ని ఒక్కసారైనా అడిగారా? అడిగుంటే చెప్పేవాళ్లం. మాకున్నది ఒకే ప్రశ్న. మీకు నెలకెంత?

ఉలిక్కిపడకండి. ఎమ్మెల్యే ఆస్తి అఫిడవిట్‌లో ఉంటుంది. కలెక్టరు జీతం పే స్కేలులో ఉంటుంది. మండలాఫీసులో గుమాస్తాకు జీతమెంత వస్తుందో, జీతం కాక ఎంత వస్తుందో కూడా ఊరందరికీ తెలుసు. పారదర్శకత మీద రోజూ గంటసేపు ఊగిపోయే పెద్దమనిషి జీతం మాత్రం దేవరహస్యం. బినామీల గుట్టు విప్పుతాడు. మంత్రి బావమరిది బ్యాంకు ఖాతా విప్పుతాడు. తన పే స్లిప్పు మాత్రం విప్పడు. ఎందుకప్పా అంత సిగ్గు?

ముందే ఒక మాట. యాంకర్లంతా కోటీశ్వరులు కారు. మధ్యాహ్నం బులెటిన్ చదివే పిల్లలకు చిన్న చానళ్లలో జీతం ఎప్పుడు పడుతుందో ఆ చానల్ ఓనరుకే తెలియదు. వాళ్ల జోలికి పోవడం లేదు. పాటల పోటీలు, సినిమా ఫంక్షన్లు నడిపేవాళ్ల జోలికీ పోవడం లేదు. సుమ కనకాల మైకు పట్టుకుంటే జనం నవ్వుతారు, స్పాన్సరు డబ్బిస్తాడు, లెక్క సరిపోయింది. ఆమె ఏనాడూ తాను ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభమని చెప్పుకోలేదు. మా గొడవల్లా స్తంభాలతోనే. రాత్రిపూట సూటు వేసుకుని, దేశాన్ని తన భుజాల మీద మోస్తున్నట్టు ముఖం పెట్టే ఆ పైవరస పెద్దలతోనే.

ప్రైవేటు చానల్ లెక్క అడిగితే "మా డబ్బు, మా ఇష్టం" అంటారు. సరే, మన డబ్బు సంగతే చూద్దాం. దూరదర్శన్ మనది. ప్రసార భారతి మన పన్నులతో నడిచేది. 2025 మే నెలలో డీడీ న్యూస్‌లో సుధీర్ చౌదరి గారి కార్యక్రమం మొదలైంది. ప్రైవేటు హిందీ చానళ్లలో పేరు మోసిన యాంకరాయన. ఆయన సంస్థకు ఏడాదికి సుమారు 15 కోట్ల రూపాయలు ఇచ్చేలా ఒప్పందమని పత్రికలు రాశాయి. అదంతా ఆయన జేబులోకే పోదు, నిర్మాణ ఖర్చూ అందులోనే ఉందంటారు. ఉండనివ్వండి. వారానికి అయిదు రోజుల చొప్పున ఏడాదికి 260 రాత్రులు వేసుకున్నా ఒక్కో రాత్రికి 5 లక్షల 76 వేలు. అదే ప్రసార భారతి గొడుగు కింద ఆకాశవాణి కేంద్రాలున్నాయి. మా రాయలసీమ పొలాల్లో ఇప్పటికీ కడప కేంద్రం వినిపిస్తుంది. ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లని ఒక జాతి ఉంది. ఏళ్ల తరబడి గొంతు అరగదీసుకున్నా వాళ్లు క్యాజువలే. నెలకు ఆరు డ్యూటీలు మించకూడదని లెక్క. ఏడో డ్యూటీ ఇస్తే ఎక్కడ పర్మినెంటు అడుగుతారోనని భయం. ఒకే సంస్థ, ఒకే ఖజానా. ఒక గొంతుకు కోట్ల ఒప్పందం, ఇంకో గొంతుకు ఏడో రోజు గేటు బంద్. దీన్ని ప్రజాసేవా ప్రసారం అంటారు. సేవ ఎవరికో మాత్రం ప్రసారం చేయరు.

శాంతి స్వరూప్ గారు గుర్తున్నారా? 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన మనిషి. ఎదురుగా అక్షరాలు నడిపించే టెలీప్రాంప్టర్ లేని రోజులవి. వార్తలన్నీ బట్టీ పట్టి, కెమెరా కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో ఆయన పోతే ఊళ్లలో ముసలివాళ్లు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఆయన ఏనాడైనా టేబుల్ గుద్దారా? ఎదుటివాడి మైకు కోశారా? అరవకుండా వార్త చెబితే జనం నమ్మరని ఎవరు చెప్పారు మీకు?

ఇప్పుడు మా ఊరికి రండి.

మా కుందూ నది పొంగిందనుకోండి. తెల్లారుజామున హైదరాబాద్ నుంచి మా విలేకరికి ఫోను.

"అన్నా, కుందూ విజువల్స్ అర్జెంటుగా గ్రూపులో పెట్టు. పక్క చానల్ వాళ్లు ఆల్రెడీ వేసేశారు. లోగో కనపడాలి."

"పోతాండా సార్. నీళ్లు నడుముకొచ్చినాయి."

"ఇంకొంచెం ముందుకెళ్లన్నా. ఎఫెక్ట్ వస్తది."

ఎఫెక్ట్ కోసం ముందుకు పోయాడు మావాడు. బండి ఆయనది. బండిలో పెట్రోలు ఆయనది. ఫోను ఆయనది. ఫోన్లో డేటా ఆయనది. వరదలో జారిన కాలూ ఆయనదే. మరి చానల్‌ది ఏముంది? చేతిలో లోగో ఉంది. ఆ లోగోకు కూడా చాలాచోట్ల డిపాజిట్ కట్టించుకుంటారు. అంటే మావాడు ఎదురు డబ్బిచ్చి మరీ ఉద్యోగంలో చేరాడు. ఇంతటి ఘనకార్యం ప్రపంచంలో ఇంకే కంపెనీ అయినా చేసిందా? కూలికి పోయినవాడి దగ్గర పార అద్దె వసూలు చేసినట్టు లేదూ?

రాత్రి తొమ్మిదికి అదే వరద స్టూడియోలోకి వస్తుంది. గ్రాఫిక్స్ వరద. యాంకరు గారు అందులో నిలబడతారు. ప్యాంటు తడవదు. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుపాను వేళ ఒక హిందీ చానల్ యాంకరమ్మ స్టూడియోలోనే గొడుగు పట్టుకుని, లేని గాలికి ఊగిపోయింది. దేశమంతా కడుపుబ్బ నవ్వుకుంది. మా విలేకరి మాత్రం నవ్వలేదు. ఆయన అసలు గాలికి ఊగుతున్నాడు, గొడుగు కూడా లేదు.

మరి ఆ వార్తకు ఆయనకెంత ముట్టింది? కొన్నిచోట్ల ఐటమ్‌కు ఇంతని ఉంటుంది, ఎప్పుడిస్తారో ఉండదు. చాలాచోట్ల ఆ ఇంత కూడా ఉండదు. చానల్ ఇచ్చిన గుర్తింపు కార్డే జీతం. పైగా జనవరి 1న యాడ్ తేవాలి. సంక్రాంతికి యాడ్. ఉగాదికి యాడ్. ఆగస్టు 15న యాడ్. నాయకుడి పుట్టినరోజుకు యాడ్. చానల్ పుట్టినరోజుకూ యాడే. టార్గెట్ తప్పితే కార్డు వెనక్కి. యాడ్ ఎవరిస్తారు? నాపరాయి పాలిష్ యూనిట్ ఓనరు ఇస్తాడు. ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు ఇస్తాడు. కాంట్రాక్టరు ఇస్తాడు. సోమవారం ఆ కాంట్రాక్టరు దగ్గర ఉగాది శుభాకాంక్షలకు చెక్కు తీసుకుని, మంగళవారం ఆయన వేసిన రోడ్డు మీద గుంతలు కొలవమంటారా? ఏ టేపుతో కొలవాలి సామీ?

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. జీతమివ్వకుండా మైకు చేతికిస్తే ఏమవుతుంది? మైకే జీతమవుతుంది. ఊళ్లో నలుగురు నిక్కచ్చి విలేకరులుంటే, బెదిరించి బతికేవాడు ఒకడు తయారవుతాడు. రేషన్ డీలరు దగ్గరికి పోతాడు, ఇసుక ట్రాక్టరుకు అడ్డం పడతాడు. వాడిని సమర్థించడం లేదు. కానీ వాడిని తయారుచేసిన ఫ్యాక్టరీ కోయిలకుంట్లలో లేదు, జూబ్లీహిల్స్‌లో ఉంది. "నీ ఖర్చులు నువ్వే చూసుకో" అన్న మాటకు అర్థమేంటి? ఊరి మీద పడి తినమనే కదా? అలా పంపించి, రాత్రికి "కింది స్థాయిలో అవినీతి" మీద నలుగురిని కూర్చోబెట్టి చర్చ పెడతారు. ఆ చర్చ నడిపే పెద్దమనిషి మాత్రం శుద్ధ నిప్పు. నిప్పెందుకు కాడు? ఆయన తరఫున ఊళ్లో చేతులు కాల్చుకునేవాడు వేరే ఉన్నాడు.

ఈ జీతాలకు మూడు సమర్థనలు చెబుతారు. ఒక్కొక్కటే విప్పి చూద్దాం.

మొదటిది టీఆర్పీ. ఆయన ముఖం చూసే జనం చానల్ పెడతారు, జనాన్ని చూసే యాడ్ వస్తుంది, కాబట్టి ఆయనకు వాటా. వినడానికి బాగుంది. 2020 అక్టోబరులో టీఆర్పీల గోల్‌మాల్ కేసు బయటపడింది. న్యూస్ చానళ్ల రేటింగులు ఇవ్వడం రేటింగు సంస్థ బార్క్ ఆపేసింది. మళ్లీ ఇచ్చింది 2022 మార్చిలో. మధ్యలో 17 నెలలు కొలతే లేదు. మరి ఆ 17 నెలలూ అరుపులు తగ్గాయా? మీకెవరికైనా వినపడకుండా పోయాయా? కొలవకపోయినా అదే గొంతు, అదే గుద్దుడు. జీతం దేన్ని కొలిచి ఇచ్చినట్టు?

రెండోది ధైర్యం. అధికారాన్ని నిలదీసే గుండెకు ఖరీదట అది. మన రాష్ట్రంలో ఈ ధైర్యం కథ పిల్లలకు కూడా తెలుసు. 2019లో ప్రభుత్వం మారింది, కేబుల్‌లో చాలాచోట్ల టీవీ5, ఏబీఎన్ కనపడకుండా పోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారింది, ఈసారి టీవీ9, ఎన్టీవీ, 10టీవీ, సాక్షి వంతు. చివరికి ఢిల్లీ హైకోర్టు ఆదేశాలివ్వాల్సి వచ్చింది. అప్పుడు మాయమైన చానల్ యాంకరు "ప్రజాస్వామ్యం హత్య" అన్నాడు. కనపడుతున్న చానల్ యాంకరు ఆ హత్య గురించి ఎంతసేపు చర్చ పెట్టాడు? ఆయన దృష్టిలో అది సాంకేతిక సమస్య. అయిదేళ్లకోసారి హతుడు మారతాడు, సాక్షి గమ్మునుంటాడు. దీనికి ధైర్యమని పేరు. ధైర్యానికి ఇంక్రిమెంటు.

మూడోది ప్రతిభ. ఒప్పుకుంటాం, ప్రతిభ ఉంది. 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయ్‌లో చనిపోతే, ఒక తెలుగు చానల్ ప్రతినిధి మైకుతో సహా బాత్‌టబ్‌లో పడుకుని, మనిషి ఎలా మునుగుతుందో చూపించాడు. దేశం నోరెళ్లబెట్టింది. ఇంకో చానల్ ఖాళీ టబ్బు పక్కన ఎవరి బొమ్మ పెట్టాలా అని తంటాలు పడింది. మన ఇంటి ఆడపిల్లలాంటిది, మనందరం యాభై ఏళ్లు చూసుకున్న మనిషి, ఇంకా మట్టిలో కూడా కలవలేదు. ఇంతటి ప్రతిభ తక్కువ జీతానికి దొరకదు నిజమే.

నిజంగా ప్రతిభ ఎక్కడుంటుందో చెప్పనా? శనగ పంట తడిసి మొలకెత్తితే ఏ ఊళ్లో, ఎన్ని ఎకరాల్లో, ఏ రైతుకు ఇన్సూరెన్సు ఎందుకు రాలేదో, ఎవరి సంతకం ఎక్కడ ఆగిందో కాగితం చూడకుండా చెప్పగలిగినవాడి దగ్గర ఉంటుంది. సంజామల నుంచి ఉయ్యాలవాడ దాకా ప్రతి ఊరి బోరు లోతు ఎరిగినవాడి దగ్గర ఉంటుంది. ఆయన గంట తిరిగి తెచ్చిన సమాచారం స్క్రోలింగ్‌లో ఎనిమిది మాటలవుతుంది. అందులో మా ఊరి పేరే తప్పు పడుతుంది.

ఇంగ్లండు వాళ్లకు మన కంటే రొంత సిగ్గెక్కువ. బీబీసీ అక్కడి జనం కట్టే లైసెన్సు ఫీజుతో నడుస్తుంది. "మా డబ్బుతో ఎవరికెంతిస్తున్నారో చెప్పండి" అని పట్టుబడితే, 2017 జూలైలో లక్షన్నర పౌండ్లు దాటినవాళ్ల జాబితా బయటపెట్టింది. అగ్రస్థానంలో క్రిస్ ఎవాన్స్, 22 లక్షల పౌండ్ల పైమాటే. ఆడవాళ్లలో అందరికంటే ఎక్కువ తీసుకున్న క్లాడియా వింకిల్‌మన్‌కు అందులో నాలుగోవంతు కూడా లేదు. ఊరంతా అల్లరైంది. 2018 జనవరిలో చైనా ఎడిటర్ క్యారీ గ్రేసీ, తోటి మగ ఎడిటర్ల కంటే తనకు తక్కువిస్తున్నారని ఆ పదవి వదిలేసింది. అదే నెలలో కొందరు మగ ప్రజెంటర్లు జీతం తగ్గించుకున్నారు. కొన్ని నెలలకు బీబీసీ ఆమెకు క్షమాపణ చెప్పి బకాయి కట్టింది. ఎవరూ ధర్నా చేయలేదు, రాళ్లు వేయలేదు. ఒక్క జాబితా అచ్చయింది, అంతే. లెక్క బయటపడితే సిగ్గు దానంతటదే వస్తుంది. మనవాళ్లు లెక్క ఎందుకు బయటపెట్టరో ఇప్పుడు అర్థమైందా?

చట్టం ఏం చేస్తోందంటారా? చట్టం మెల్లగా నడుస్తోంది, పాపం దానికీ పెట్రోలు ఎవరూ పోయలేదు. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం 1955 నాటిది, అప్పటికి మన దగ్గర టీవీ లేదు. జీతాలు తేల్చిన మజీఠియా వేజ్ బోర్డు సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది. యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సిఫార్సులు సబబే అంది. అవి పత్రికలకే, టీవీకి కావు. 24 గంటల చానళ్లు దేశాన్ని మోత మోగిస్తున్న కాలంలో కూడా చట్టం కంటికి టీవీ జర్నలిస్టు కనపడలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక కోడ్‌లో ఎలక్ట్రానిక్, డిజిటల్ మీడియా వాళ్లనూ చేర్చారు. అది 2025 నవంబరు 21న అమల్లోకొచ్చింది. ప్రతి ఉద్యోగికీ నియామకపత్రం ఇవ్వాలట. శుభం. చానల్‌ను అడిగి చూడండి, "కోయిలకుంట్లలో మాకు ఉద్యోగులెవరూ లేరండీ" అంటుంది. మరి ఆ నడుములోతు నీళ్లలో లోగో పట్టుకున్నదెవరు? "ఆయన కంట్రిబ్యూటర్." వరదలోకి దిగేటప్పుడు మావాడు. జీతమడిగేటప్పుడు ఎవడో.

మా ఊరికి ఈ తంతు కొత్త కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి కథ సినిమాలో చూసి ఉంటారు. కత్తులు, గుర్రాలు బాగా చూపించారు. అసలు మంట ఎక్కడ రాజుకుందో మా పెద్దలు చెబుతారు. ఆయనకు రావలసిన తవర్జీ, అంటే భరణం, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. దానికోసం మనిషిని పంపితే, కోయిలకుంట్ల ఖజానా దగ్గర తహసీల్దారు ఇవ్వకపోగా అవమానకరంగా మాట్లాడాడు. 1846 జూలైలో అదే ఖజానా మీద నరసింహారెడ్డి దాడి చేశాడు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఇక్కడే ఉరితీశారు. న్యాయంగా రావలసింది అడిగితే "నువ్వెవడివి" అనడం ఎంత దూరం పోతుందో మా ఊరి మట్టికి తెలుసు. ఇవాళ ఎవరినీ ఖజానా మీద పడమనడం లేదు. పడదామన్నా ఏ అంతస్తులో ఉంటుందో మావాళ్లకు తెలియదు, లోపలికి పోవాలంటే కార్డు గీకాలి. మావాడి దగ్గరున్న కార్డుతో ఆ తలుపు తెరుచుకోదు.

నవ్వు చాలు. 2021 ఆగస్టు 8న నంద్యాలలో ఒక చిన్న చానల్ విలేకరిని చంపేశారు. గుట్కా దందాతో ఒక కానిస్టేబుల్‌కు ఉన్న లింకులు బయటపెట్టాడు, ఆ కానిస్టేబుల్ సస్పెండయ్యాడు. ఆ కక్షతోనే చంపాడని పోలీసులు అతన్నీ, అతని సోదరుణ్నీ అరెస్టు చేశారు. పెద్ద చానళ్లకు అది ఒక పూట బ్రేకింగ్. సాయంత్రానికి ఎవరో హీరో సినిమా టీజరు వచ్చింది. ఏసీ గదిలో మంత్రిని "సార్, సూటిగా ప్రశ్నిస్తున్నా" అని ముందే చెప్పి ప్రశ్నించేవాడిది రిస్కా? రాత్రిపూట సందులో ఒంటరిగా నడిచి ఇంటికి పోయేవాడిది రిస్కా? రిస్కును బట్టి జీతమిచ్చేట్టయితే ఈ లెక్క మొత్తం తలకిందులు కావాలి కదా?

యాంకరు గారి జీతం తగ్గించమని మేము అడగం. కోటి తీసుకోనివ్వండి, పది కోట్లు తీసుకోనివ్వండి. మాది ఒకటే కోరిక, వరస మార్చండి. ముందు వార్త తెచ్చినవాడికి నియామకపత్రం, నెలజీతం, బండి ఖర్చు, బీమా ఇవ్వండి. ఏ రోజు ఎవరికెంతిచ్చారో మీ చానల్లోనే స్క్రోలింగ్ వేయండి. ఆ తరవాత మిగిలిందంతా అరిచేవాడికి పోయండి, మాకు అభ్యంతరం లేదు. అలా ఇస్తే పైన ఏమీ మిగలదంటారా? అయితే ఇన్నాళ్లూ ఆయన తిన్నది ఎవరి కూడు?